గోడ మందం పద్దెనిమిది అంగుళాలు

గుంటూరు మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
ఇక్కడ అరవై నాలుగు గదులూ ఒకేసారి తుమ్మేవట.
తాళాలగుత్తిలో సరైన చెవి వెతుక్కుంటూ
మస్తాన్ వలి చెప్పాడు.
నా చేతిలో టేపు, చిన్న సుత్తి,
“నివాసయోగ్యం కాదు” అని ముందే టైపు చేసిన ఫారం.
సంతకం చోటు ఖాళీ.

మగపిల్లల హాస్టల్.
ఎదుటి రోడ్డు మీద ఐదేళ్లు సైకిలు తొక్కాను గానీ
ఈ గడప తొక్కడం ఇదే మొదలు.
అరిగిన నాపరాయి. నడిమధ్యన
గరిటెడు పులుసు నిలిచేంత గుంట.
తొంభై ఏళ్ల చెప్పుల పని అది.

గోడ మందం పద్దెనిమిది అంగుళాలు.
కృష్ణ ఒడ్డు మట్టి కాల్చిన ఇటుక,
గానుగ సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం.
సిమెంటును సుత్తితో కొడితే టక్కుమని ఎదురు చెబుతుంది.
ఇది అలా కాదు,
కడుపు నిండి పడుకున్న మనిషిలా
ఊఁ అంది.
ఫారంలో ఆ చప్పుడుకి గడి లేదు.

ఈ ప్లాను గీసినాయన ఎవరో గాని
రోహిణీకార్తెలో ఒక్క మధ్యాహ్నమైనా ఇక్కడ కూర్చున్నాడు.
పడమటి వసారా తొమ్మిదడుగులు.
నాలుగింటి ఎండ స్తంభాల దాకా వచ్చి
లోపలికి పిలవని చుట్టంలా అక్కడే ఆగిపోయింది.

మెట్లు ఇరవై రెండు.
పదకొండోది ముప్పాతిక అంగుళం ఎత్తు.
కొత్తగా చేరినవాడెవడో చీకట్లోనూ తెలిసిపోయేదట,
తట్టుకున్న చప్పుడుని బట్టి.
పొగాకు డబ్బుతో కట్టారు. పాలరాతి పలక మీద
దాతల పేర్లు పదిహేడు. మేస్త్రీ పేరు లేదు.
పదకొండో మెట్టు ఉంది.

నలభై ఒకటో గది తలుపు వెనక మేకుతో గీసి ఉంది:
“కెమిస్ట్రీ మూడోసారి.”
కింద వేరే చేతిరాత: “నాకు నాలుగు.”

భోజనాల హాలు దూలానికి వరసగా కొక్కేలు.
ఫ్యాన్లకా అన్నాను.
“ఉయ్యాలలకమ్మా. డెబ్బై ఏడు ఉప్పెనకి
దివిసీమ నుంచి లారీల్లో వచ్చారు.
పిల్లలు పుస్తకాలు ఎత్తిపెట్టి వసారాలో పడుకున్నారు.
లోపల నెల రోజులు పసిబిడ్డల ఏడుపు.
పరీక్షలు మాత్రం వాయిదా వెయ్యలేదు.”

అదే హాల్లో, నేల మీద ఒక గీత.
తొమ్మిదంగుళాల వెడల్పు, ఈ గోడ నుంచి ఆ గోడకి.
అటూ ఇటూ రాళ్లు నున్నగా, నల్లగా.
గీత ఒక్కటే పచ్చి సిమెంటు రంగు.
పాత నీలి నకలు విప్పి చూశాను.
హాలు లేదు అందులో.
భోజనశాల ఒకటి, భోజనశాల రెండు.
తలుపులు రెండు. గిన్నెలు కడిగే తొట్లు కూడా రెండు.

“మా నాయన కాపలా ఉన్న రోజుల్లో మాట.
యేసుపాదం అని బి.ఏ. కుర్రాడు
కంచం పట్టుకొని ఇటు వచ్చి కూర్చున్నాడు.
నలుగురు లేచిపోయారు.
ఒకడు లేవలేదు, మజ్జిగ అటు జరిపాడు.
తర్వాత నెలకి, ఒక రాత్రి,
వార్డెన్ ఊళ్లో లేనప్పుడు…”
తెల్లారేసరికి గోడ లేదట.
ఇటుకలు పెరట్లో పేర్చి ఉన్నాయట, లెక్కగా, వందేసి వరసలు.
ఎవరు కొట్టారో ఎవరూ చెప్పలేదు.
వాళ్ల నాయనకి ఆ రాత్రి మాత్రం
గాఢంగా నిద్ర పట్టిందట.

నిచ్చెన వేసుకొని దూలాలు చూశాను.
పాతికేళ్ల సర్వీసు మీద చెబుతున్నాను:
ఆ గోడ మీద ఏ బరువూ లేదు.
కట్టిన రోజునా లేదు.
అది ఎక్కడ ఉన్నా, లేకపోయినా
ఈ కప్పు ఇలాగే నిలిచేది.

నిలిచేది గానీ ఇప్పుడు కాదు.
టేకు వాసాల్లోకి స్క్రూడ్రైవరు
పెరుగులోకి చెంచాలా దిగిపోయింది.
చెద ఎప్పుడో తన పని ముగించి వెళ్లిపోయింది.
ఫారం అబద్ధం చెప్పడం లేదు.
నేనూ చెప్పలేను.
కిటికీ గట్టు మీద పెట్టి సంతకం చేశాను.
“ఇతర వివరములు” అన్నచోట
గీత పొడవు రాశాను: ముప్పై ఒక్క అడుగులు.
ఎందుకని పైవాళ్లు అడుగుతారు. అడగనీ.

పై గదులు ఒక్కసారి చూసి దిగేసరికి చీకటి పడింది.
తొమ్మిది, పది,
కాలు తట్టుకుని కమ్మీ పట్టుకున్నాను.
కింద మస్తాన్ వలి టార్చి వేశాడు గానీ
నా ముఖం మీద కాదు, మెట్టు మీద.
“కొత్త గదమ్మా” అన్నాడు.